ఉత్తరాన్ని నలిపిన చేతులు

మా అక్క కొడుక్కి అమెరికాలో, సౌత్ కెరొలైనాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. సీటు వచ్చినప్పుడు, పక్క రాష్ట్రం నార్త్ కెరొలైనాలోని షార్లట్ నుంచి అతన్ని కారులో తీసుకువెళ్లి దింపి వచ్చే పని నా మీద పడింది. సామానంతా గదిలో చేర్చి, రైస్ కుక్కరు పనిచేస్తోందో లేదో చూసుకుని, ఎండ చల్లబడ్డాక ఇద్దరం ప్రాంగణం చూడటానికి బయలుదేరాం. ఎర్ర ఇటుకలతో, గడియారపు గోపురంతో ఆ ఊరికంతటికీ గుర్తుగా నిలబడిన పాత భవనం ముందు ఒక చారిత్రక ఫలకం ఉంది. దాని శీర్షికను తెలుగులో చెప్పుకోవాలంటే ‘హుందాతనంతో కలుపుకోవడం, 1963’ అనాలి. అప్పటిదాకా తెల్లవాళ్లకే పరిమితమైన ఆ విశ్వవిద్యాలయంలో హార్వీ గాంట్ అనే నల్లజాతి యువకుడు ఆర్కిటెక్చర్ చదువుకోవడానికి దరఖాస్తు పెట్టుకున్నాడనీ, విశ్వవిద్యాలయం జాప్యం చేస్తే కోర్టుకు వెళ్లాడనీ, ఈలోగా అధ్యక్షుడు రాబర్ట్ ఎడ్వర్డ్స్ పెద్దలందరితో కలిసి ఎక్కడా హింస జరగకుండా పకడ్బందీగా ఏర్పాట్లు చేశాడనీ ఆ ఫలకం చెబుతుంది. మావాడు చివరి దాకా చదివి, “అయితే బాగానే చూసుకున్నారన్నమాట మామయ్యా” అన్నాడు.

అతనిది తప్పు అనను. ఆ ఫలకాన్ని చదివితే ఎవరికైనా అదే అనిపిస్తుంది, ఎందుకంటే దాని శీర్షికలోని క్రియకు కర్త విశ్వవిద్యాలయం. కలుపుకున్నది వాళ్లు, వచ్చి కలిసినవాడు ఆ కథలో ఒక సందర్భం మాత్రమే. నేను చాలా ఏళ్లుగా షార్లట్‌లో ఉంటున్నాను. ఇదే హార్వీ గాంట్ 1983 నుంచి 1987 దాకా ఆ నగరానికి మేయరుగా, తొలి నల్లజాతి మేయరుగా పనిచేశాడు. 1990లో, మళ్లీ 1996లో నార్త్ కెరొలైనా నుంచి అమెరికా సెనేట్‌కు పోటీ చేసి రెండుసార్లూ ఓడిపోయాడు. 1963 నాటి ఆ ప్రవేశాన్ని, 1990 నాటి ఆ ఓటమిని రెండు వేరువేరు కథలుగా చెప్పుకుంటారు. అవి ఒక్కటే కథ అని నా నమ్మకం. రెండింటి నడుమా ఒక ఉత్తరం ఉంది.

గాంట్ 1943 జనవరిలో సౌత్ కెరొలైనా తీరంలోని యాంజస్ ఐలండ్‌లో పుట్టి, చార్ల్‌స్టన్‌లో పెరిగాడు. తండ్రి నౌకాదళపు ఓడల కార్ఖానాలో పనివాడు. బర్క్ హైస్కూల్లో చివరి ఏడాది చదువుతుండగా, 1960 ఏప్రిల్ 1న, 17 ఏళ్ల వయసులో, తోటి విద్యార్థులతో కలిసి కింగ్ స్ట్రీట్‌లోని క్రెస్ దుకాణానికి వెళ్లి, తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే లంచ్ కౌంటర్ దగ్గర కూర్చున్నాడు. మొత్తం 24 మంది. ఆ దుకాణం నల్లవాళ్లకు పుస్తకాలు, పెన్సిళ్లు, సబ్బులు అన్నీ అమ్మేది. డబ్బుకు అంటు లేదు, కూర్చోవడానికే ఉంది. గంటల తరబడి ఆ పిల్లలు ప్రార్థనలు చెప్పుకుంటూ, పాటలు కూనిరాగాలు తీసుకుంటూ కదలకుండా కూర్చున్నారు. చివరికి పోలీసులు వచ్చి అరెస్టు చేశారు. ఆ కేసు నాలుగేళ్లు నడిచి 1964లో సుప్రీంకోర్టు దాకా వెళితే గానీ ఆ శిక్షలు రద్దు కాలేదు.

ఆ తర్వాత కాలేజీ ప్రశ్న వచ్చింది. అతనికి ఆర్కిటెక్టు కావాలని ఉంది. సౌత్ కెరొలైనాలో ఆర్కిటెక్చర్ బోధించే సంస్థ ఒక్కటే, క్లెమ్సన్, అది తెల్లవాళ్లది. ఆరంజ్‌బర్గ్‌లో నల్లవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే కాలేజీలో ఆ కోర్సు లేదు. ఇలాంటి చిక్కుకు ప్రభుత్వం ఒక ఉపాయం కనిపెట్టి పెట్టుకుంది: రాష్ట్రంలో లేని కోర్సు చదవదలచిన నల్లజాతి విద్యార్థి వేరే రాష్ట్రానికి పోతే ఫీజులో కొంత తానే భరిస్తుంది. ఊరు వదిలి పొమ్మని దారిఖర్చు చేతిలో పెట్టడమన్నమాట. ఆ సాయంతోనే గాంట్ అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడి చలి ఒంటికి పడలేదు. దానికంటే ముఖ్యంగా, తాను ఇళ్లు కట్టబోయేది దక్షిణాన అయినప్పుడు, అక్కడి వాతావరణాన్నీ అక్కడి మనుషులనూ తెలిసిన చోట చదవకుండా మంచుగడ్డల మధ్య ఎందుకు చదవాలన్న ప్రశ్న అతన్ని వదల్లేదు. 1961 జనవరిలో క్లెమ్సన్‌కు దరఖాస్తు పెట్టాడు.

ఇక్కడి నుంచి ఉత్తరాల కథ మొదలవుతుంది. నువ్వు నల్లవాడివి కనుక చేర్చుకోం అని క్లెమ్సన్ ఎన్నడూ రాయలేదు, కాబట్టి ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగాలి. రాష్ట్రం ఇచ్చే సాయంతో నువ్వు వేరే చోట చదువుతున్నావు కదా అన్నది ఒక సాకు. మరోసారి పెట్టుకుంటే దరఖాస్తు ఇంకా పూర్తి కాలేదన్నారు, ఆర్కిటెక్చర్ కాబట్టి గీసిన బొమ్మలన్నీ ఒకచోట చేర్చి చూపించాలన్నారు, ముఖాముఖికి రావాలన్నారు, గడువు మించిందన్నారు. ప్రతి ఉత్తరమూ మర్యాదగానే ఉంది, ప్రతి అభ్యంతరానికీ ఒక నియమం ఉంది. అయోవా స్టేట్‌లో మంచి మార్కులు తెచ్చుకుంటున్న విద్యార్థికి అర్హత లేదని చెప్పడం కుదరదు కాబట్టి, అర్హతను నిర్ణయించే గడపనే ఎప్పటికప్పుడు ఎత్తు పెంచుతూ పోయారు. వర్ణవివక్ష అనగానే మనకు గుర్తొచ్చేవి ముసుగులూ కొరడాలూ. 18 ఏళ్ల కుర్రాడికి అది ఎక్కువగా ఎదురైంది తెల్ల కాగితం మీద టైపు కొట్టిన వినయపూర్వకమైన వాక్యాల్లోనే.

1962 జులైలో కేసు వేశారు. గాంట్ తరఫున వాదించినవారిలో సౌత్ కెరొలైనాకు చెందిన మాథ్యూ పెర్రీ, న్యూయార్క్ నుంచి వచ్చిన కాన్‌స్టన్స్ బేకర్ మాట్లీ ఉన్నారు. ఇద్దరూ నల్లజాతివారే, తర్వాతి కాలంలో ఇద్దరూ ఫెడరల్ న్యాయమూర్తులయ్యారు. కింది కోర్టు విశ్వవిద్యాలయం పక్షాన తీర్పు ఇచ్చింది. 1963 జనవరి 16న అప్పీలు కోర్టు దాన్ని తిరగదోడి, అతన్ని చేర్చుకొని తీరాలని ఆదేశించింది. జనవరి 28న గాంట్ వచ్చి ఆ గడియారపు గోపురం ఉన్న భవనంలోనే పేరు నమోదు చేయించుకున్నాడు. వందకు పైగా విలేకరులు అతని చుట్టూ నడిచారు. రాయి పడలేదు, తుపాకి పేలలేదు.

ఆ భవనం పేరు టిల్‌మన్ హాల్. బెంజమిన్ టిల్‌మన్ ఆ రాష్ట్రపు గవర్నరుగా, సెనేటరుగా పనిచేసినవాడు, నల్లవాళ్ల ఓటుహక్కును ఊడబెరికిన 1895 రాజ్యాంగానికి సూత్రధారి, నల్లవాళ్లను చంపిన మూకలో తానూ ఉన్నానని బాహాటంగా చెప్పుకున్నవాడు. విశ్వవిద్యాలయం నిలబడి ఉన్న నేల బానిసత్వాన్ని శుభకరమని వాదించిన జాన్ కాల్‌హూన్ తోట. 1890 దశకంలో తొలి భవనాలను కట్టిన చేతుల్లో అధికభాగం జైలు నుంచి కూలికి తోలుకొచ్చిన నల్లజాతి ఖైదీలవి. నల్లవాళ్లు ఎప్పుడూ ఆ రాష్ట్రపు చదువుల్లో లేరన్నది కూడా నిజం కాదు. అంతర్యుద్ధం తర్వాత 1873 నుంచి 1877 దాకా కొలంబియాలోని రాష్ట్ర విశ్వవిద్యాలయంలో నల్ల విద్యార్థులు చదువుకున్నారు. అధికారం చేతులు మారగానే దాన్ని మూసేసి, తర్వాత తెల్లవాళ్ల కోసం మాత్రమే తెరిచారు. కాబట్టి 1963లో కూలింది అనాదిగా ఉన్న గోడ కాదు. తేదీ వేసి, చట్టం రాసి, మనుషులు కట్టిన గోడ.

ఇక హుందాతనం విషయానికి వస్తాను. సౌత్ కెరొలైనా పెద్దలు ఆ రోజు ప్రశాంతంగా గడవాలని నిజంగానే శ్రమించారు, కాదనను. నాలుగు నెలల ముందే, 1962 సెప్టెంబరు 30 రాత్రి, జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి విద్యార్థి చేరిక సందర్భంగా మిసిసిపీ విశ్వవిద్యాలయంలో అల్లర్లు చెలరేగి ఇద్దరు చనిపోయారు, సైన్యం దిగింది. ఆ బొమ్మలు ప్రపంచమంతా చూసింది. బయటి నుంచి ఫ్యాక్టరీలను రప్పించుకోవాలని చూస్తున్న సౌత్ కెరొలైనాలోని బట్టల మిల్లుల యజమానులకూ, నిర్మాణ సంస్థల అధిపతులకూ అలాంటి బొమ్మ తమ రాష్ట్రం నుంచి వెళితే వ్యాపారం పోతుందన్న భయం పట్టుకుంది. పదవి దిగిపోతున్న గవర్నర్ ఎర్నెస్ట్ హాలింగ్స్ జనవరి 9న శాసనసభలో మాట్లాడుతూ, మనకు ఇక వెళ్లడానికి కోర్టులు మిగలడం లేదని సూటిగానే ఒప్పుకున్నాడు. అంటే హుందాతనానికి వంతు వచ్చింది కోర్టులన్నీ అయిపోయాకే. రెండేళ్లపాటు ఒక విద్యార్థిని ఉత్తరాలతో తిప్పించుకున్న సంస్థ, న్యాయస్థానం మెడలు వంచిన పన్నెండో రోజున గొడవ లేకుండా తలుపు తీసినందుకు, ఆ హుందాతనాన్ని ఒక ప్రముఖ పత్రిక మెచ్చుకుంది, నలభై ఏళ్ల తర్వాత ఆ మెప్పే ఫలకం మీదికి ఎక్కింది. నిజానికి ఆ రోజు హుందాతనం ఎవరిలోనైనా ఉందంటే, తనను వద్దన్న గదిలోకి నిటారుగా నడిచి వెళ్లి ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబు చెప్పిన ఇరవై ఏళ్ల కుర్రాడిలో ఉంది.

గాంట్‌కు ఈ తేడా అందరికంటే బాగా తెలుసు. దక్షిణ కెరొలైనా మనిషి నీతికి విన్నవించుకోలేకపోయినా అతని మర్యాదకు విన్నవించుకోవచ్చు అన్న అతని మాట చాలా ప్రసిద్ధం. దాన్ని మెచ్చుకోలుగా ఉటంకించేవాళ్లున్నారు. నాకు అందులో మెచ్చుకోలు కంటే కొలత కనిపిస్తుంది: నీకు ఇవ్వడానికి ఎదుటివాడి దగ్గర ఎంత ఉందో, ఎంత లేదో ముందే లెక్కగట్టుకున్నవాడి మాట అది. ఆ మర్యాద కూడా లేకపోతే ఏమవుతుందో మా షార్లట్ అంతకు ముందే చూసింది. 1957 సెప్టెంబరు 4న డరతీ కౌంట్స్ అనే 15 ఏళ్ల నల్లజాతి అమ్మాయి హార్డింగ్ హైస్కూల్లో మొదటిరోజు అడుగుపెట్టినప్పుడు గుంపులు వెంటపడి ఉమ్మారు, చెత్త విసిరారు. నాలుగు రోజుల తర్వాత తల్లిదండ్రులు ఆమెను మాన్పించేశారు. ఆమెలో లోపం ఏమీ లేదు. లేనిది ఆ ఊరికి, కనీసపు మర్యాద కూడా.

గాంట్ 1965లో ఆనర్స్‌తో పట్టా తీసుకుని, ఎం.ఐ.టి.లో నగర ప్రణాళిక చదివి, షార్లట్‌లో భాగస్వామితో కలిసి సొంత సంస్థ పెట్టి, నగర మండలికి వచ్చి, మేయరయ్యాడు. ఇదంతా తెలిసినదే, సాగదీయను. 1990లో అతను సెనేట్‌కు డెమోక్రటిక్ అభ్యర్థి అయ్యాడు. ఎదుట ఉన్నది జెస్సీ హెల్మ్స్. రేడియో, టీవీ వ్యాఖ్యానాలతో పేరు తెచ్చుకుని పౌరహక్కుల చట్టాలను జీవితమంతా వ్యతిరేకించిన మనిషి, మార్టిన్ లూథర్ కింగ్ పేరిట సెలవుదినాన్ని సైతం 1983లో సెనేట్‌లో అడ్డుకోజూసిన మనిషి. సర్వేలలో పోటీ నువ్వా నేనా అన్నట్టు నడుస్తుండగా, పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు హెల్మ్స్ తరఫున టీవీలో ఒక ప్రకటన వచ్చింది.

నేను దాన్ని చాలాసార్లు చూశాను. అందులో ముఖం ఉండదు. గళ్ల చొక్కా తొడుక్కున్న ఒక తెల్ల మనిషి చేతులు మాత్రమే ఉంటాయి. ఆ చేతుల్లో ఒక ఉత్తరం. నీకు ఆ ఉద్యోగం అవసరం, అందరిలోకీ నీకే ఎక్కువ అర్హత ఉంది, కానీ జాతి కోటా వల్ల దాన్ని మైనారిటీ వ్యక్తికి ఇవ్వాల్సి వచ్చింది, ఇది న్యాయమేనా అని వెనక నుంచి ఒక గొంతు అడుగుతుంది. ఆ చేతులు ఉత్తరాన్ని నెమ్మదిగా నలిపి ఉండ చేస్తాయి. హార్వీ గాంట్ ఇది న్యాయమే అంటున్నాడని గొంతు ముగిస్తుంది. తాను కోటాలను సమర్థించడం లేదని గాంట్ చెబుతూనే ఉన్నాడు. వినే సమయం మిగల్లేదు. అదే సమయంలో నార్త్ కెరొలైనా రిపబ్లికన్ పార్టీ, హెల్మ్స్ ప్రచార సంఘం సుమారు 1,25,000 కార్డులు ఎక్కువగా నల్లజాతి ఓటర్లకు పంపి, ఇల్లు మారినవారు ఓటేస్తే శిక్ష పడవచ్చని తప్పుడు భయం పెట్టాయి. దాని మీద తర్వాత కేంద్ర న్యాయశాఖ కేసు పెట్టింది. హెల్మ్స్ లక్షకు కాస్త పైచిలుకు ఓట్లతో గెలిచాడు.

ఇప్పుడు ఆ రెండు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అర్హత ఉండి కూడా జాతి కారణంగా తిరస్కరణ ఉత్తరం అందుకున్న మనిషి ఆ ఎన్నికల్లో నిజంగానే ఒకడున్నాడు. అతను హార్వీ గాంట్. అతను అందుకున్నవి నటుడి చేతిలో పెట్టిన ఉత్తుత్తి కాగితాలు కావు, కోర్టులో సాక్ష్యంగా నిలిచిన ఉత్తరాలు. అతని బతుకులోని ఆ అనుభవాన్నే తీసుకుని, మనిషి రంగు మార్చి, ముఖం తీసేసి, దోషి స్థానంలో అతన్నే నిలబెట్టారు. ఓటరుకు 1963 గుర్తుండి ఉంటే ఆ ప్రకటన నిలిచేది కాదు. గుర్తు లేకుండా చేసింది ఏమిటంటే, ఆ ఫలకం మీద ఉన్న లాంటి కథనమే అని నా అభియోగం. అంతా హుందాగా జరిగిపోయిందని, మంచివాళ్లు మంచిగా తలుపు తీశారని చెప్పుకుంటూ పోతే, లోపలికి వచ్చినవాడు దయకు పాత్రుడవుతాడు గానీ హక్కు గెలుచుకున్నవాడు కాడు. దయ పొందినవాడు ఇంకా ఏదైనా అడిగితే, ఇచ్చినవాడికి కోపం రావడం సహజం.

ఈ మాటలు తెలుగువాళ్లతో మాట్లాడేటప్పుడు నాకు గొంతు ఒక్కోసారి పట్టుకుంటుంది, ఎందుకంటే ఆ నలిపే చేతులను నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో మొదటి వారం మమ్మల్ని అందరినీ వరుసగా అడిగిన ప్రశ్న ఊరేది అని కాదు, ‘ఎంసెట్ ర్యాంకెంత’ అని. అది చదువు తెలుసుకోవడానికి వేసే ప్రశ్న కాదని అందరికీ తెలుసు. నా పక్క మంచం అబ్బాయి, మాదిగ పేట నుంచి వచ్చినవాడు, వాళ్ల ఇంట్లో పదో తరగతి దాటిన తొలి మనిషి, ర్యాంకు చెప్పి తల దించుకున్నాడు. ఆ రాత్రి వరండాలో సీనియర్లు ‘మనవాడికి రావాల్సిన సీటు’ గురించి మాట్లాడుకుంటుంటే నేనూ తలూపాను. ఆ ‘మనవాడు’ ఎవరో నాకు తెలియదు. అతనికి కూడా ముఖం లేదు. నాలుగేళ్ల తర్వాత పక్క మంచం అబ్బాయి మా అందరికంటే ముందు ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఆ రోజు తలూపినందుకు అతన్ని క్షమాపణ అడగాలని ఉన్నా అడగలేకపోయాను, ఈ వాక్యం అతను చదివితే చదివాడనే రాస్తున్నాను.

అమెరికాకు వచ్చాక ఆ వరండా మాటలే పెద్ద డైనింగ్ టేబుళ్ల దగ్గర వినిపిస్తున్నాయి. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయాల ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసినప్పుడు, ఆ కేసు మన ఆసియా పిల్లల పేరు మీదే నడిచింది కాబట్టి, మా బంధువుల్లో చాలామంది సంతోషించారు. ప్రవేశ విధానాలపై భిన్నాభిప్రాయం ఉండటాన్ని నేను తప్పుపట్టను. పిల్లవాడి కష్టం లెక్కకు రావాలని కోరుకోని తల్లిదండ్రులు ఉండరు. కానీ మనం ఈ దేశంలోకి ఏ తలుపు గుండా వచ్చామో మరిచి ఆ మాట మాట్లాడకూడదు. 1946 చట్టం ప్రకారం భారతదేశం నుంచి ఏడాదికి 100 మందికే ఇక్కడ స్థిరపడే అవకాశం ఉండేది. పుట్టిన దేశాన్ని బట్టి మనుషులను తూచే ఆ పద్ధతిని కూలదోసిన వలస చట్టం 1965 అక్టోబరు 3న వచ్చింది. పౌరహక్కుల చట్టం 1964లో, ఓటుహక్కు చట్టం 1965 ఆగస్టులో వచ్చాక, జాతిని బట్టి తలుపు మూయడం సిగ్గుచేటని ఈ దేశం ఒప్పుకోక తప్పని గాలి వీచాక వచ్చింది. ఆ గాలి దానంతట అది వీచలేదు. క్రెస్ దుకాణంలో కదలకుండా కూర్చున్న పిల్లల నుంచి, తిరిగి వచ్చిన దరఖాస్తును మళ్లీ మళ్లీ పంపిన కుర్రాడి నుంచి వీచింది. మన అర్హతను ఎవరో గుర్తించడానికి ముందు, అర్హత ఉన్నా గుర్తింపు దక్కనివాళ్లు కోర్టు మెట్లెక్కారు.

షార్లట్ నడిబొడ్డున, సౌత్ ట్రయాన్ వీధిలో, గాంట్ పేరిట నల్లజాతి కళల కేంద్రం ఉంది. దాని ముందుభాగంలో మెట్లు ఏటవాలుగా పైకి సాగుతాయి. ఒకప్పుడు అక్కడ బ్రూక్లిన్ అనే నల్లవాళ్ల పేట ఉండేది, నగరాభివృద్ధి పేరుతో దాన్ని నేలమట్టం చేశారు. ఆ పేటలోని మయర్స్ స్ట్రీట్ బడికి బయటివైపు ఉన్న మెట్ల వరుసను తలచుకుంటూ ఈ భవనాన్ని అలా గీశారు. రోజూ ఆఫీసుకు వెళుతూ ఆ మెట్లను చూస్తాను.

క్లెమ్సన్ ఫలకం మీద లేని పేరు ఇంకొకటుంది, లూసిండా బ్రాలీ. 1963లోనే, గాంట్ వచ్చిన కొద్ది నెలలకు, ఆ విశ్వవిద్యాలయంలో చేరిన తొలి నల్లజాతి విద్యార్థిని ఆమె. మరుసటి ఏడాది వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు.

ఇదంతా ఆ సాయంత్రమే మావాడికి చెప్పలేకపోయాను. చీకటి పడుతోంది, నేను తిరిగి కారు నడపాలి. ఇంటికి వచ్చాక ఆ అర నిమిషపు ప్రకటనను అతనికి పంపించి, కింద మాటేమీ రాయలేదు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. గాంట్‌కు వీళ్లు రాసిన అసలు ఉత్తరాలు ఇప్పుడు చూడటానికి దొరుకుతాయా అని అడిగాడు. విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో పాత కాగితాల విభాగం ఉంటుందనీ, అక్కడ అడగమనీ చెప్పాను. శుక్రవారం క్లాసులు లేవనీ, వెళ్లి అడుగుతాననీ అన్నాడు.